టాపెట్ కవర్ మీద చిన్న గొట్టం: నా పాత వీడియోలో తప్పు, 20 ఏళ్ళు ఆలస్యమైన ఒక వాల్వ్

ఈ ఎపిసోడ్ సారీతో మొదలుపెట్టాలి. రెండేళ్ళ కిందట ఇదే ఛానల్‌లో ఒక వీడియో చేశాను. టాపెట్ కవర్ మీద ఉండే పీసీవీ పైపు పీకేసి, దాని చోట చిన్న బ్రీదర్ ఫిల్టర్ బిగించండి, ఇంజన్ ఫ్రీగా ఊపిరి పీల్చుకుంటుంది అని చెప్పాను. నా ఛానల్‌లో బాగా ఆడిన వీడియోల్లో అదొకటి. అది చూసి చాలామంది అలాగే చేసుకున్నారు, ఫొటోలు కూడా పంపారు. అది తప్పు. ఎందుకు తప్పో చెప్పాలంటే ఇంజన్ గురించి పది నిమిషాలు, ఆ తర్వాత 1940ల నాటి అమెరికా గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడుకోవాలి.

ముందు నేనేం చేశానో చెప్తాను. నా దగ్గర ఒక పాత పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ ఉంది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. విజయవాడ ఆటోనగర్‌లో ఒక వర్క్‌షాప్‌కి తీసుకెళ్ళి టాపెట్ కవర్ విప్పించాను. పుస్తకాల్లో వాల్వ్ కవర్ అంటారు, మన మెకానిక్‌లు టాపెట్ కవర్ అంటారు, రెండూ ఒకటే. దానికి పెద్ద బొక్క కొట్టించి, అల్యూమినియం పైపు వెల్డింగ్ చేయించాను. లోపల ఒక రేకు అడ్డంగా ఉంది. "ఇదెందుకన్నా?" అనడిగితే, "ఏదో అడ్డం సార్, తీసేద్దాం" అన్నారు. తీసేశాం. ఆయన్ని అనాల్సిన పనిలేదు, అడిగి మరీ తీయించింది నేనే. నేను బీటెక్ చదివాను కదా, నాకు తెలుసనుకున్నాను. చదివింది కంప్యూటర్ సైన్స్ అనుకోండి.

ఆ రేకు పేరు బ్యాఫిల్. రాకర్ ఆర్మ్‌ల మీద నుంచి ఎగిరే ఆయిల్ తుంపర నేరుగా పైపులోకి పోకుండా ఆపేది అదే. అది లేకపోయేసరికి వారం తిరక్కుండా ఫిల్టర్ ఆయిల్‌తో తడిసి ముద్దయింది. చుక్కలు చుక్కలుగా వేడి ఎగ్జాస్ట్ మీద పడి పొగ రావడం మొదలైంది. ఆ నెలలోనే అమ్మానాన్నలతో శ్రీశైలం బయల్దేరాం. ఘాట్‌లో లారీ వెనక నెమ్మదిగా ఎక్కుతుంటే బండి లోపలంతా వాసన. బయటి గాలి లోపలికి లాగే జాలీ ఉండేది బానెట్ వెనక, అద్దం కింద. అంటే ఇంజన్ వదిలినదంతా మా ముక్కుల్లోకే వస్తోందన్నమాట. అమ్మకి తల తిరిగి వాంతులయ్యాయి. మలుపుల వల్లనే అనుకున్నాం. తిరిగొచ్చేటప్పుడు ఆమె వెనక సీట్లో కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని కూర్చుంది, అప్పుడు వెలిగింది నాకు. ఆ బండికి అదే నెలలో పీయూసీ సర్టిఫికెట్ కూడా వచ్చింది, శుభ్రంగా పాస్. ఇది గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ వస్తాను.

సరే, అసలా పైపు ఎందుకుంది? సిలిండర్‌లో పెట్రోల్ మండినప్పుడు ఒత్తిడి బయటి గాలి కంటే పదుల రెట్లు పెరుగుతుంది. పిస్టన్ చుట్టూ రింగులుంటాయి కానీ అవి నూటికి నూరు శాతం ఆపలేవు. కొత్త ఇంజన్‌లో కూడా కొంచెం గ్యాస్ రింగుల సందుల్లోంచి కిందికి, క్రాంక్‌కేస్‌లోకి జారుతుంది. ఇంగ్లీషులో బ్లో-బై. మన దగ్గర ముదిరిన ఇంజన్‌లో ఇది ఎక్కువైతే "బ్యాక్ కంప్రెషన్ కొడుతోంది" అంటారు. సెకండ్ హ్యాండ్ బండి చూసేటప్పుడు ఇంజన్ ఆన్‌లో ఉంచి ఆయిల్ మూత తీసి చూస్తారు చూడండి, ఆ పొగ ఇదే.

కిందికి జారేది ఉత్త పొగ కాదు. అందులో ఎక్కువ భాగం మండకుండా మిగిలిన పెట్రోల్-గాలి మిశ్రమం. దాంతోపాటు నీటి ఆవిరి, ఆమ్లాలు. ఇవి లోపలే ఉండిపోతే చల్లబడి ఆయిల్‌లో కలుస్తాయి, ఆయిల్ చిక్కబడి బురదలా తయారవుతుంది. మూత వెనక పెరుగు మీగడలా తెల్లగా పేరుకోవడం మీలో కొందరు చూసే ఉంటారు. ఒత్తిడి పెరిగితే ఆయిల్ సీళ్ళు కూడా తన్నుకొస్తాయి. కాబట్టి దీన్ని ఎలాగోలా బయటికి పంపాల్సిందే. చరిత్రంతా ఎటు పంపాలి అన్న ఒక్క ప్రశ్న మీదే నడిచింది.

చాలా దశాబ్దాలు దానికి జవాబు: రోడ్డు మీదికి. క్రాంక్‌కేస్ నుంచి ఒక గొట్టం కిందికి దించి, చివర ఏటవాలుగా కోసేవాళ్ళు. పేరు రోడ్ డ్రాఫ్ట్ ట్యూబ్. బండి పరిగెడుతుంటే కింద గాలి వేగానికి గొట్టం మూతి దగ్గర ఒత్తిడి తగ్గి, లోపలి గ్యాస్‌ని బయటికి లాగుతుంది. ఆయిల్ పోసే మూతలోంచి తాజా గాలి లోపలికి వస్తుంది. ఖర్చు దాదాపు సున్నా, చెడిపోయే భాగం ఒక్కటీ లేదు. ఇంజనీర్‌గా చూస్తే ముచ్చటేస్తుంది. కాకపోతే బండి సుమారు గంటకి 40 కిలోమీటర్ల వేగం అందుకుంటే గానీ ఇది సరిగ్గా పనిచేయదు. సిగ్నల్ దగ్గర ఆగితే లాగడం కూడా ఆగిపోతుంది. ఊళ్ళో తక్కువ దూరాలు తిరిగే కార్లలో ఆయిల్ బురద ఎక్కువ. అమెరికా పాత రోడ్ల ఫొటోల్లో ప్రతి లేన్ మధ్యలో నల్లటి చార కనిపిస్తుంది. దాంట్లో ఈ గొట్టాల చుక్కల వాటా తక్కువేం కాదు.

ఇప్పుడు 1941కి వద్దాం. రెండో ప్రపంచయుద్ధం, అమెరికా సైన్యానికి జీప్ కావాలి. విల్లీస్ ఎంబీ అని మనందరికీ తెలిసిన బొమ్మ. 2.2 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజన్, 60 హార్స్‌పవర్. ఈ బండి వాగులు దాటాలి. వాగులో దిగితే డ్రాఫ్ట్ ట్యూబ్ మూతి నీళ్ళలో ఉంటుంది. నీళ్ళు క్రాంక్‌కేస్‌లోకి వెళ్తే ఇంజన్ గోవిందా. ట్యాంకులకీ ఇదే తలనొప్పి. అందుకని గొట్టాన్ని కిందికి దించకుండా పైకి తిప్పి ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కి కలిపారు. ఇంజన్ తన గ్యాస్‌ని తానే పీల్చుకుని మళ్ళీ మండించేస్తుంది. ఆ జీప్ ఇంజన్‌లో వాల్వ్‌లు పైన కాదు, పక్కన ఉంటాయి. ఆ పక్కన ఉండే వాల్వ్ కవర్ నుంచి ఒక సన్న గొట్టం మానిఫోల్డ్ దాకా వెళ్తుంది, మధ్యలో ఒక చిన్న వాల్వ్.

వాల్వ్ ఎందుకంటే, మానిఫోల్డ్‌లో పీల్పు ఎప్పుడూ ఒకేలా ఉండదు. ఐడిల్‌లో పీల్పు చాలా ఎక్కువ, కానీ అప్పుడు పుట్టే బ్లో-బై తక్కువ. గొట్టం పూర్తిగా తెరిచి ఉంటే గాలి ఎక్కువైపోయి ఇంజన్ వణుకుతుంది. అందుకే లోపల స్ప్రింగ్, దాని మీద చిన్న పిన్. పీల్పు గట్టిగా ఉంటే పిన్ ముందుకు జరిగి దారి సన్నమవుతుంది, పీల్పు తగ్గితే స్ప్రింగ్ దాన్ని వెనక్కి నెట్టి దారి పెరుగుతుంది. ఇన్‌టేక్‌లో బ్యాక్‌ఫైర్ అయితే మంట క్రాంక్‌కేస్‌లోకి పోకుండా పూర్తిగా మూసుకుంటుంది. సెన్సర్ లేదు, వైరు లేదు, కోడ్ లేదు. నేను ఐదేళ్ళు సాఫ్ట్‌వేర్‌లో పనిచేశాను, ఇంత తక్కువలో ఇన్ని కండిషన్లు హ్యాండిల్ చేసిన డిజైన్ నా చేతి మీద ఒక్కటి కూడా పోలేదు.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మహీంద్రా వాళ్ళు మన దేశంలో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టారు. పోలీసు జీపు, తహసీల్దారు జీపు, ఎన్నికల ప్రచారం జీపు అని మన తాతలు చూసిన బళ్ళన్నిటి మూలం ఆ సైన్యం బండే.

అంటే 1940ల మొదటికే విషయం తెలుసు, భాగం తయారవుతోంది, లక్షల బళ్ళకి బిగించారు కూడా. మరి మామూలు జనం కార్లకి ఎప్పుడొచ్చింది? 1961లో, అది కూడా ఒక్క రాష్ట్రంలో. ఈ 20 ఏళ్ళ కథ కోసమే ఈ ఎపిసోడ్.

1943 జూలైలో లాస్ ఏంజెలెస్ నగరం మీద దట్టమైన పొగ కమ్మింది. కళ్ళు మంటలు, గొంతు మంట, కొన్ని వీధుల అవతల ఏముందో కనబడదు. యుద్ధం రోజులు కదా, జపాన్ వాళ్ళు రసాయన దాడి చేశారేమో అని కూడా భయపడ్డారు. ముందు అక్కడి సింథటిక్ రబ్బర్ ఫ్యాక్టరీ మీద అనుమానపడ్డారు. దాన్ని కట్టడి చేశాక కూడా పొగ తగ్గలేదు. 1947లో కౌంటీకి ప్రత్యేకంగా వాయు కాలుష్య నియంత్రణ సంస్థ పెట్టారు. ఫ్యాక్టరీలు, రిఫైనరీలు అన్నిటి మీదా పడ్డారు. అయినా పోలేదు.

అసలు ముడి విప్పింది ఆరీ హాగెన్-స్మిట్ అనే డచ్ మూలాలున్న కాల్‌టెక్ ప్రొఫెసర్. ఆయన అప్పటిదాకా చేస్తున్న పని అనాసపండు వాసనలో ఏ రసాయనాలున్నాయో కనిపెట్టడం. గాలిని బాగా చల్లబరిచి అందులోని పదార్థాలని పట్టుకునే పద్ధతి ఆయన చేతిలో ఉంది. అదే పద్ధతితో లాస్ ఏంజెలెస్ గాలిని పట్టి చూశారు. 1950ల మొదట్లో తేల్చింది ఏంటంటే, ఈ పొగ ఎవరి చిమ్నీలోంచీ నేరుగా రావట్లేదు. మండని పెట్రోల్ ఆవిర్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు గాలిలో కలిసి, ఎండ తగిలి, అక్కడే వండుకుంటున్నాయి. అలా పుట్టే వాటిలో ఓజోన్ ఒకటి. ఆ ఊళ్ళో టైర్లు, రబ్బరు వస్తువులు త్వరగా పగుళ్ళు తేలడానికి కారణం అదే. ఎండ ఎక్కువ, కార్లు ఎక్కువ, చుట్టూ కొండలు. చమురు కంపెనీల డబ్బుతో పనిచేసిన పరిశోధకులు కొన్నేళ్ళు ఆయనతో వాదించారు. చివరికి ఆయన మాటే నిలబడింది.

కెన్నెత్ హాన్ అని లాస్ ఏంజెలెస్ కౌంటీ సూపర్‌వైజర్ ఒకాయన ఉండేవారు. ఆయన 1953లో ఫోర్డ్ కంపెనీకి ఉత్తరం రాశారు, మీ కార్ల పొగ గురించి ఏం చేస్తున్నారని. కార్ల నుంచి వచ్చేది గాలిలో త్వరగా చెదిరిపోతుంది, అదొక సమస్య కాదు అన్న అర్థంలో జవాబొచ్చింది. ఆయన వదల్లేదు. డెట్రాయిట్‌కి 1967 దాకా ఉత్తరాలు రాస్తూనే ఉన్నారు. ఆ ఉత్తరాలూ జవాబులూ వరసగా పెట్టుకుని చదివితే మనకి కస్టమర్ కేర్ చాట్ గుర్తొస్తుంది. సార్, మీ కన్సర్న్ నోట్ చేసుకున్నాం.

అప్పటిదాకా అందరి కళ్ళూ సైలెన్సర్ మీదే ఉన్నాయి. 1950ల చివరికి కానీ తేలలేదు, కారు వదిలే హైడ్రోకార్బన్లలో సుమారు 20 నుంచి 25 శాతం ఈ క్రాంక్‌కేస్ గొట్టంలోంచే పోతున్నాయని. ఎగ్జాస్ట్‌ని శుభ్రం చేయడానికి అప్పుడు పక్కా పరికరం లేదు, క్యాటలిటిక్ కన్వర్టర్ మామూలు కార్లకి వచ్చేసరికి 1970లు సగం గడిచాయి. కానీ ఈ పావు వంతుకి మందు మాత్రం జీపులో అప్పటికే ఉంది. కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు. గొట్టం మూతి తిప్పితే చాలు.

1959 చివర్లో కంపెనీలు ప్రకటించాయి, 1961 మోడల్ నుంచి కాలిఫోర్నియాలో అమ్మే కార్లకి ఇది పెడతామని. 1960లో ఆ రాష్ట్రం వాహన కాలుష్యానికి ప్రత్యేక బోర్డు పెట్టింది. మరి మిగతా అమెరికా? అదే కంపెనీ, అదే కారు, అదే ఇంజన్, కానీ పక్క రాష్ట్రంలో కొంటే గొట్టం రోడ్డు మీదికే. 1961లో ఆరోగ్య, విద్యా, సంక్షేమ శాఖ చూస్తున్న అబ్రహం రిబికాఫ్, మీరు మీ అంతట మీరు పెట్టకపోతే చట్టం అడుగుతాను అని హెచ్చరించాక, 1963 మోడళ్ళ నుంచి దేశమంతా ఇస్తామన్నారు.

ఈ ఆలస్యం మామూలు బద్ధకమా, కూడబలుక్కున్నదా? 1969 జనవరిలో అమెరికా న్యాయశాఖ కోర్టుకెళ్ళింది. జనరల్ మోటార్స్, ఫోర్డ్, క్రైస్లర్, అమెరికన్ మోటార్స్, వాళ్ళ సంఘం మీద దావా. ఆరోపణ ఏంటంటే, 1953 నుంచే కాలుష్య పరికరాల విషయంలో ఒకరితో ఒకరు పోటీ పడకూడదని, ఎవరూ ముందుగా బయటపెట్టకూడదని వీళ్ళు ఒప్పందంలో ఉన్నారని. 1955లో పేటెంట్లు పంచుకోవడానికి ఒక ఒప్పందం రాసుకున్న మాట నిజం. పైకి చూస్తే మంచిదే, అందరికీ ఉచితం. కానీ ఎవరు కనిపెట్టినా లాభం రాదంటే ఎవరు ముందు పరిగెడతారు? ఆ దావాలో మన పీసీవీ వాల్వ్ ప్రత్యేకంగా ఉంది: 1962 మోడళ్ళకే దేశమంతా ఇవ్వగలిగి కూడా 1963 మోడళ్ళ దాకా ఆపడానికి కూడబలుక్కున్నారని.

విచారణ జరగలేదు. 1969 సెప్టెంబరులో రాజీ కుదిరింది. కంపెనీలు తప్పు ఒప్పుకోలేదు, ఇకముందు అలా కూడబలుక్కోమని మాటిచ్చాయి. చాలామంది పార్లమెంటు సభ్యులు మండిపడ్డారు, సాక్ష్యాలు జనం ముందుకి రాకుండా పోయాయని. కాబట్టి నేను కూడా "కుట్ర రుజువైంది" అని చెప్పలేను, ఏ కోర్టూ తేల్చలేదు. కానీ ఏ భాగం 1941లో ఉంది, ఏ భాగం 1963లో అందరికీ వచ్చింది అన్నది మాత్రం పార్ట్ కేటలాగుల్లో కనపడే విషయం.

ఇంకో మెలిక ఉంది. మొదట వచ్చినవి సగం మూసినవే. బ్లో-బై మరీ ఎక్కువైతే ఆయిల్ మూత జాలీలోంచి బయటికి పోయేది. తర్వాత ఆ మూతకి కూడా గొట్టం పెట్టి ఎయిర్ క్లీనర్‌కి కలిపారు. 1968 మోడళ్ళ నుంచి అమెరికా అంతటా నియమం ఒక్కటే, క్రాంక్‌కేస్ నుంచి బయటికి సున్నా. ఇప్పుడు మన భారత్ స్టేజ్ పరీక్షల్లోనూ పెట్రోల్ కార్లకి ఇదే, క్రాంక్‌కేస్ గ్యాస్ బయటికి రాకూడదు. నేను ఫిల్టర్ బిగించి చేసిన గొప్ప ట్యూనింగ్ ఏంటంటే, నా బండిని 1960 మోడల్ చేయడం. నిజానికి అంతకన్నా అధ్వాన్నం. డ్రాఫ్ట్ ట్యూబ్ కనీసం పరిగెడుతున్నప్పుడైనా లాగేది, నా ఫిల్టర్‌కి లాగేదే లేదు.

బుల్లెట్ వాళ్ళు ఇప్పటికే అడగాలనుకుంటున్నారు, తెలుసు. సింగిల్ సిలిండర్ కథ వేరే. పిస్టన్ కిందికి దిగిన ప్రతిసారీ క్రాంక్‌కేస్ గాలి మొత్తం నొక్కుకుంటుంది, పక్కన పైకి వెళ్ళే ఇంకో పిస్టన్ లేదు సర్దుకోడానికి. అందుకే పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్‌కి బాతు ముక్కులాంటి రబ్బరు బ్రీదర్ ఉండేది. లోపలి నుంచి తోస్తే తెరుచుకుంటుంది, పీలిస్తే మూసుకుంటుంది. ఆ రబ్బరు ఎండి గట్టిపడితే ప్రతి జాయింట్ నుంచీ ఆయిల్ కారుతుంది. "బుల్లెట్ అంటే ఆయిల్ కారాల్సిందే" అని మనం గర్వంగా చెప్పుకునే జబ్బుల్లో చాలావాటికి మందు ఆ చిన్న రబ్బరు ముక్క మార్చడమే.

మరి క్యాచ్ క్యాన్ సంగతేంటి అంటారా, అది తప్పు కాదు. డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లలో పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకి పోతుంది కాబట్టి ఇన్‌టేక్ వాల్వ్‌లని కడిగేది ఏదీ ఉండదు, ఆయిల్ తుంపర వాటి మీద కాలి నల్లగా పేరుకుంటుంది. అలాంటి వాటికి పీసీవీకి, మానిఫోల్డ్‌కి మధ్య లోపల జాలీ ఉన్న డబ్బా పెట్టి ఆయిల్ వడగట్టొచ్చు. కానీ దారి మూసే ఉండాలి, డబ్బాలోంచి గ్యాస్ మళ్ళీ ఇంజన్‌లోకే పోవాలి. టర్బో బండైతే బూస్ట్‌లో మానిఫోల్డ్ నుంచి గాలి ఎదురు తన్నకుండా చెక్ వాల్వ్ తప్పనిసరి. పెద్ద పైపు కోసం కవర్‌కి వెల్డింగ్ చేయించేవాళ్ళు బ్యాఫిల్‌ని ముట్టుకోకండి, తీయాల్సి వస్తే మళ్ళీ కట్టించండి. డబ్బా నెలకోసారి ఖాళీ చేయండి.

మీ బండిలో వాల్వ్ బాగుందో లేదో చూడటం చాలా తేలిక. ఐడిల్‌లో వాల్వ్ ఊడదీసి మూతి మీద వేలు పెడితే పీల్చాలి. ఇంజన్ ఆపి చెవి దగ్గర ఊపితే టకటక అనాలి. అనకపోతే మార్చేయండి, చాలా బళ్ళకి పెద్ద ఖర్చు కాదు.

నా బండి సంగతి. పాత ఇనుప సామాను కొట్లన్నీ తిరిగి అదే మోడల్ టాపెట్ కవర్ ఒకటి పట్టుకున్నాను, బ్యాఫిల్‌తో సహా. కొత్త వాల్వ్, కొత్త గొట్టాలు వేయించాను. ఆ తర్వాత కావాలనే మళ్ళీ పీయూసీ చేయించాను. మొదట చెప్పాను కదా, బ్రీదర్ ఫిల్టర్‌తో పాస్ అయిందని. ఇప్పుడూ పాస్, రీడింగ్‌లో చెప్పుకోదగ్గ తేడా లేదు. వాళ్ళు గొట్టం పెట్టేది సైలెన్సర్‌లో, నేను వదిలింది బానెట్ కింద. కాలిఫోర్నియాలో ఉన్న మా కజిన్ బండికి స్మాగ్ చెక్‌లో బానెట్ తెరిచి పీసీవీ ఉందా లేదా అని కళ్ళతో చూస్తారు, ఇలాంటి బ్రీదర్ ఉంటే అక్కడే ఫెయిల్. మన దగ్గర బానెట్ ఎవరూ తెరవరు. అందుకే నా పాత వీడియో చూసి చేసుకున్నవాళ్ళలో ఎవర్నీ ఎవరూ పట్టుకోలేదు.

ఆ వీడియో డిలీట్ చేయలేదు. టైటిల్‌లో "ఇలా చేయకండి" అని చేర్చి, మొదట్లో ఒక నిమిషం కొత్తగా రికార్డ్ చేసి పెట్టాను. ఫొటోలు పంపినవాళ్ళందరికీ విడివిడిగా మెసేజ్ చేస్తున్నాను, ఇంకా సగం మంది మిగిలారు. మీరు వాళ్ళలో ఒకరైతే నా మెసేజ్ కోసం ఆగకండి, ఈ వారంలోనే పాత గొట్టం వెతికి బిగించేయండి.